ఎన్నిసార్లు రావాలె సారూ?

పాకాల అడవి దాటి, కొత్తగూడ కూడా దాటి లోపలికి పోతే గంగారం వస్తుంది. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు కొత్తగూడ నుంచి విడివడి, మహబూబాబాద్ జిల్లాలో కొత్త మండలంగా ఏర్పడింది. కోయగూడేలు ఎక్కువ. మేడారం జాతరకు పగిడిద్దరాజును తీసుకుని పూజారులు కాలినడకన బయలుదేరే పూనుగొండ్ల ఈ మండలంలోదే. జ్వరమొస్తే, కాన్పుకు, పాము కరిస్తే ఎటు పోవాలో ఇక్కడ అందరికీ తెలుసు. నెలల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాక ఓ మూలన కూర్చున్న మనిషిని ఎటు తీసుకుపోవాలన్నది మాత్రం తేలదు. ముందు దేవుడి దగ్గరికి తీసుకుపోతారు. తర్వాత మంత్రించేవాళ్ల దగ్గరికి. చివరికి ఎవరో చెబితే మహబూబాబాద్‌కో, వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికో బస్సెక్కుతారు.

అట్లా బస్సెక్కి వచ్చిన ఒక ఆడమనిషిని ఊహించుకుందాం. డాక్టరు చూసి, ఇది డిప్రెషన్ అని చెప్పి, మాత్రలు రాశారు. "మందులొక్కటే చాలవమ్మా, కౌన్సెలింగ్ కూడా కావాలి, వారం వారం రావాలి" అన్నారు. ఆమె నోట వచ్చే మొదటి మాట, "ఎన్నిసార్లు రావాలె సారూ?"

చాలా న్యాయమైన ప్రశ్న. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆమెకు ఆర్టీసీ టికెట్టు బాధ తప్పింది గానీ, తోడొచ్చిన భర్తకు తప్పలేదు. ఇద్దరి కూలీ పోయింది. ఇంటి దగ్గర మేకలను ఎవరికో అప్పజెప్పి రావాలి. నాలుగుసార్లంటే ఎట్లాగో సర్దుకుంటారు. నలభైసార్లంటే ఇక రారు. కాబట్టి ఏ చికిత్స ఎంతకాలం సాగాలన్నది మన దగ్గర రోగి అవసరాన్ని బట్టి తేలడం లేదు, బస్సు టైమును బట్టి తేలుతోంది. మనసుకు ఎన్ని వారాల మాట కావాలి అనే విషయం మీద గట్టి పరిశోధనలు జరిగాయి. వాటిని గంగారం మట్టి మీద నిలబెట్టి చూడాలని నా ప్రయత్నం.

ముందు ఒక అపోహ తీసేయాలి. కౌన్సెలింగ్ అంటే ఎదుట కూర్చోబెట్టి బుద్ధి చెప్పడమని, గట్టిగా మందలించి పంపడమని జనంలో ఒక అభిప్రాయం స్థిరపడిపోయింది. దానికీ ఈ చికిత్సకూ సంబంధం లేదు. ఇక్కడ శిక్షణ పొందిన మనిషి ఒక పద్ధతి ప్రకారం వింటారు, అడుగుతారు, చేయాల్సిన పనులు ఇస్తారు, చేశారా లేదా అని మళ్లీ అడుగుతారు. స్వల్పకాలిక కౌన్సెలింగ్‌లో ఇలాంటి సెషన్లు సాధారణంగా నాలుగు నుంచి పన్నెండు దాకా ఉంటాయి. ఒక సమస్యను పట్టుకుని, ఇప్పుడు జరుగుతున్నదాని మీదే నడుస్తాయి. దీర్ఘకాలిక సైకోథెరపీ ఏడాదికి, ఒక్కోసారి రెండు మూడేళ్లకు సాగుతుంది. సమస్య వెనక ఉన్న సమస్యను, చిన్నప్పటి నుంచి మనిషిలో పాతుకుపోయిన తీరును అది పట్టుకుంటుంది. రెంటికీ మధ్య గీత గీసినట్టు హద్దేమీ లేదు. బ్రిటన్ ఆరోగ్య వ్యవస్థకు మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2022లో డిప్రెషన్ గురించి చెప్పిన లెక్క చూడండి. ఆలోచనా తీరును సరిచేసే సీబీటీ అనే చికిత్స, ఒక మోస్తరు డిప్రెషన్‌కు మామూలుగా 8 సెషన్లు, తీవ్రమైనదానికి 16.

ఎనిమిది సెషన్లలో ఏం జరుగుతుందో దగ్గర నుంచి చూడకపోతే ఈ అంకెలకు అర్థం ఉండదు.

డిప్రెషన్ ఒక వలయంలా బిగుస్తుంది. పంట పోయింది, అప్పు మిగిలింది, రంది పట్టుకుంది. ఆ రందితో మనిషి పొద్దున లేవడం మానేస్తుంది. లేవకపోతే చేనుకు పోదు. చేనుకు పోకపోతే పక్కింటామెతో మాట ఉండదు, పని చేశానన్న తృప్తి ఉండదు, ఒళ్లు అలిసి వచ్చే నిద్ర ఉండదు. ఆ మూడూ పోయేసరికి మనసు ఇంకా కుంగుతుంది, రేపు లేవడం ఇంకా కష్టమవుతుంది. "మనసు బాగైతే పని చేస్త" అని ఆమె అంటుంది. చికిత్స దాన్ని తిప్పి పెడుతుంది. మనసు ఎట్లా ఉన్నా ముందు చిన్న పని, ఆ వెనకే మనసు. దీన్ని బిహేవియరల్ యాక్టివేషన్ అంటారు.

మొదటి సెషన్‌లో కౌన్సెలర్ ఆమె రోజును గంట గంటకూ అడిగి తెలుసుకుంటారు. ఎప్పుడు లేచావు, ఏం తిన్నావు, ఎవరితో మాట్లాడావు, ఏ పూట మరీ భారంగా అనిపించింది. రెండో వారానికి ఒకటో రెండో పనులు ఎంచుకుంటారు. పెద్దవేమీ ఉండవు. పొద్దున చెల్లె ఇంటి దాకా నడిచిపోయి పది నిమిషాలు కూర్చుని రావడం, మానేసిన తలస్నానం మళ్లీ వారానికి రెండుసార్లు చేయడం. మూడో వారం వచ్చి "చెయ్యలేదమ్మా" అంటుంది. ఎందుకు చేయలేదు? చెల్లె ఇంటికి పోతే అప్పు సంగతి అడుగుతారని భయం. ఆ భయం మీదే ఆ రోజు పని. చెల్లెతో ఏమని చెప్పాలి అన్నది అక్కడే మాట మాటగా అని చూస్తారు. నాలుగో వారానికి పోయొస్తుంది. ఐదు, ఆరు వారాల్లో అప్పు లాంటి అసలు చిక్కు తీస్తారు. ఎవరికి ఎంత, ఏది ముందు, ఎవరితో గడువు అడగొచ్చు. చివరి సెషన్ మొత్తం రేపటి గురించే. మళ్లీ కుంగుబాటు మొదలవుతుంటే మొట్టమొదట కనిపించే గుర్తు ఏమిటి? అప్పుడు ఎవరికి చెప్పాలి?

ఇంతే. ఇది గోవాలో పనిచేసిందని లెక్కలతో తేలింది. సంగత్ అనే సంస్థ, మానసిక వైద్యుడు విక్రమ్ పటేల్ బృందం, అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వచ్చిన వాళ్లలో తీవ్రమైన డిప్రెషన్ ఉన్న 493 మంది మీద ఈ పద్ధతిని పరీక్షించి, ఫలితాలను 2017లో లాన్సెట్ పత్రికలో ప్రచురించింది. సెషన్లు 6 నుంచి 8. చేసినవాళ్లు డాక్టర్లు కాదు, సైకాలజిస్టులు కాదు. ఆ ప్రాంతానికే చెందిన, శిక్షణ పొందిన మామూలు మనుషులు. మూడు నెలల తర్వాత చూస్తే ఈ కౌన్సెలింగ్ అందినవాళ్లలో 64 శాతం మంది డిప్రెషన్ హద్దు కిందికి వచ్చారు. అందనివాళ్లలో 39 శాతం. అదే బృందం తాగుడు సమస్య ఉన్న 377 మంది మగవాళ్లకు నాలుగు సెషన్లకు మించని కౌన్సెలింగ్ ఇచ్చి చూసింది. అక్కడ తేడా 36కు 26, అంటే తక్కువే. తాగుడు అంత సులువుగా వదలదని ఇప్పసారా, గుడుంబా చూసిన ఊళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. కానీ నాలుగు మాటలతో వందలో పదిమంది అదనంగా బయటపడటం, ఆ పది ఇళ్ల ఆడవాళ్లకు చిన్న విషయం కాదు.

మరి కొద్ది సెషన్లతోనే ఇంత మేలు జరిగితే ఏళ్ల తరబడి చికిత్స ఎందుకు?

1986లో అమెరికాలో కెన్నెత్ హోవార్డ్ బృందం 2,400 మందికి పైగా రోగుల వివరాలను కలిపి ఒక గీత గీసింది. సుమారు 8 సెషన్ల నాటికి సగం మందిలో మెరుగుదల కనిపించింది. 26 సెషన్ల నాటికి ముప్పావు మందిలో. అంటే మొదటి ఎనిమిది సెషన్లలో వచ్చినంత మేలు ఆ తర్వాతి పద్దెనిమిదిలో రావడం లేదు. గీత మొదట నిటారుగా లేచి, పోనుపోను చదునవుతుంది. కొద్ది సెషన్లు చాలు అనేవాళ్లకు చాలాకాలం ఇదే ఆధారం. తర్వాత 2002లో మైకేల్ లాంబర్ట్, ఆయన సహచరులు మరో మాట కలిపారు. జాగ్రత్తగా చేసిన పరీక్షల్లో సగం మంది బాగుపడటానికి 13 నుంచి 18 సెషన్లు పట్టింది. మామూలు క్లినిక్కుల్లో మాత్రం రోగి సగటున ఐదు సెషన్లకన్నా తక్కువే వచ్చి ఆగిపోతున్నాడు, అక్కడ మెరుగైనవాళ్లు ఐదుగురిలో ఒక్కరే. మధ్యలో మానేయడం గంగారం జబ్బు అనుకుంటాం. అమెరికాలోనూ అదే.

బ్రిటన్‌లో మైకేల్ బార్కమ్ దీన్ని ఇంకోరకంగా చదివారు. రెండు సెషన్లతో ఆపినవాళ్లలో కన్నా పన్నెండుతో ఆపినవాళ్లలో బాగుపడినవాళ్ల పాలు ఎక్కువేమీ లేదు. ఎందుకంటే, తనకు సరిపడా మేలు జరిగిందనుకున్నప్పుడు మనిషి తనంతట తాను ఆగుతాడు. త్వరగా తేరుకునేవాడు త్వరగా, నెమ్మదిగా తేరుకునేవాడు నెమ్మదిగా. వినడానికి ఎంతో బాగుంది. అయితే ఇది మన ఏజెన్సీలో చెల్లదని నా అభిప్రాయం. ఈ వాదన నిలవాలంటే మనిషి తన ఇష్టంతో ఆగి ఉండాలి. వాగు పొంగి బస్సు రానందుకు ఆగిన మనిషి, మిరప కోతలు మొదలైనందుకు ఆగిన మనిషి తేరుకుని ఆగినట్టు కాదు. ఆమె మళ్లీ రాకపోతే "బాగైంది కాబోలు" అని దవాఖాన రిజిస్టర్ మూసేస్తే అది లెక్క తప్పడమే.

ఇక దీర్ఘకాలిక చికిత్స సంగతి. దీనికి ఫిన్‌లాండ్‌లో జరిగిన హెల్సింకి అధ్యయనాన్ని మించిన సాక్ష్యం తక్కువ. డిప్రెషన్, ఆందోళన ఉన్న 326 మందిని మూడు దారుల్లో పెట్టి ఏళ్ల తరబడి గమనించారు. కొందరికి పన్నెండుకు మించని సెషన్లు, కొందరికి 20, కొందరికి వారానికి రెండు మూడుసార్ల చొప్పున మూడేళ్ల దాకా. మొదటి ఏడాది స్వల్పకాలిక చికిత్సలే ముందున్నాయి. వాళ్లే తొందరగా తేరుకున్నారు. రెండో ఏడాది తేడా చెరిగిపోయింది. మూడో ఏడాది చివరికి దీర్ఘకాలిక చికిత్స తీసుకున్నవాళ్లు ముందుకు వెళ్లిపోయారు. ఏది గెలిచిందన్నది ఎప్పుడు కొలిచామన్నదాని మీద ఆధారపడిందన్నమాట. లండన్‌లోని టావిస్టాక్ క్లినిక్ 2015లో ప్రచురించిన పరిశోధన ఇంకా మొండి కేసుల మీద జరిగింది. మందులకూ ఇతర చికిత్సలకూ లొంగని డిప్రెషన్ ఉన్న 129 మందిలో కొందరికి మామూలు వైద్యంతో పాటు పద్దెనిమిది నెలలు వారం వారం సైకోథెరపీ ఇచ్చారు. చికిత్స ముగిసిన రోజు చూస్తే పెద్ద తేడా లేదు. ఇంకో రెండేళ్లు ఆగి చూస్తే, ఆ చికిత్స పొందినవాళ్లలో 30 శాతం మంది కొంత మేర కోలుకుని ఉన్నారు. మామూలు వైద్యమే అందినవాళ్లలో 4.4 శాతం. డెబ్బై శాతం మందికి అంత మేలు కూడా నిలవలేదన్న సంగతి దాచకూడదు. కానీ ఏ దారీ పనిచేయని వాళ్లలో అది చిన్న మార్పు కాదు.

అంతకాలం ఏం మాట్లాడుకుంటారు? ఇంకో మనిషిని ఊహించుకుందాం. గురుకులంలో చదివి, హన్మకొండలో డిగ్రీ చేస్తున్న అమ్మాయి. తండ్రి తాగొచ్చి కొట్టిన ఇంట్లో పెరిగింది. స్నేహం ఎవరితో కుదిరినా నాలుగు నెలలకే తెగిపోతుంది, ప్రతిసారీ తనే తెంచుకుంటుంది, ఆ తర్వాత వారాల తరబడి ఏడుస్తుంది, చేయి కోసుకుంటుంది. పరీక్షల ముందు దడ తగ్గించుకోవడానికి ఆరు సెషన్ల కౌన్సెలింగ్ తీసుకుంది, దడ తగ్గింది. స్నేహాలు తెగడం ఆగలేదు. ఈసారి థెరపిస్టు దగ్గరికి వారం వారం పోవడం మొదలుపెట్టింది. ఐదో నెలలో థెరపిస్టు దసరాకు రెండు వారాలు సెలవు పెట్టారు. తిరిగొచ్చాక ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది గానీ నోరు విప్పదు. చివర్లో, "ఇక రాను మేడం, నాకు అక్కర్లేదు" అంది. అసలు చికిత్స అక్కడ మొదలవుతుంది. నేను మిమ్మల్ని వదిలేసి పోయానని అనిపించిందా, వదిలించుకోకముందే మీరే వదిలేస్తే బాధ ఉండదని అనుకుంటున్నారా అని థెరపిస్టు అడగగలరు. స్నేహితురాళ్లతో జరిగిందే ఆ గదిలోనూ జరిగింది, ఈసారి మాత్రం ఎదుటి మనిషి కోపగించుకోలేదు, వెళ్లిపోలేదు. ఇది ఒక్కసారి జరిగితే చాలదు. పదిసార్లు, ఇరవైసార్లు జరగాలి. అప్పుడుగానీ మనిషి వదిలిపోడన్న నమ్మకం ఒంటికి పట్టదు. ఈ పనిని ఎనిమిది వారాల్లో ముగించలేం. తమను తాము గాయపరచుకునే వాళ్ల కోసం మార్షా లినెహన్ రూపొందించిన డీబీటీ చికిత్స కూడా మామూలుగా ఏడాది సాగుతుంది.

కాబట్టి ఎవరికి ఏది? కష్టం ఈ మధ్యే మొదలై, దానికి కారణం కనిపిస్తూ, అంతకుముందు బాగానే బతికిన మనిషైతే స్వల్పకాలిక కౌన్సెలింగ్‌తో మొదలుపెట్టడం సబబు. ఒకసారి తగ్గి మళ్లీ మళ్లీ తిరగబెట్టే డిప్రెషన్, చిన్నతనంలో పడిన దెబ్బలు, ఏ బంధమూ నిలవకపోవడం, తనను తాను గాయపరచుకోవడం, ఇదివరకు తీసుకున్న కౌన్సెలింగ్ పనిచేయకపోవడం, వీటిలో ఏది ఉన్నా ఎక్కువకాలం పడుతుందని ముందే చెప్పాలి. దేన్ని చూసినా భయపడి చేతులు కడుగుతూనే ఉండే ఓసీడీ లాంటివి నడుమ రకం, పన్నెండు నుంచి ఇరవై సెషన్ల పని. స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి జబ్బులకు ఈ ఎంపికే వర్తించదు. అక్కడ ముందు మందులు, మాట వాటికి తోడు. చెవిలో మాటలు వినిపిస్తున్నాయనే మనిషికి కౌన్సెలింగ్ ఒక్కటే చేయిస్తూ నెలలు గడపడం ప్రమాదం. అట్లాంటి మనిషిని దేవరకు చూపించుకుంటామంటే వద్దనాల్సిన పని లేదు. మాత్ర ఆపకుండా చూపించుకోమని చెబితే చాలు.

అసలు ఏ సెషనూ అక్కర్లేని సందర్భాలు కూడా ఉన్నాయి. 2023 జులైలో మోరంచవాగు పొంగి భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగిపోయింది. జనం ఇండ్ల పైకెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. ఇలాంటి విపత్తు జరగగానే ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి, జరిగినదంతా ఒకసారి చెప్పించి పంపడం మంచిదని చాలాకాలం నమ్మారు. పరిశోధనలు దాన్ని బలపరచలేదు. అట్లా ఒక్క సెషన్‌లో చెప్పించడం వల్ల తర్వాత ఆ భయం వెంటాడే పీటీఎస్‌డీ అనే జబ్బు ఆగదని, కొందరికి కీడు కూడా జరగొచ్చని తేలింది. ఆ సమయంలో కావాల్సింది తిండి, పొడి బట్ట, తప్పిపోయిన మనిషి కబురు, పక్కన తోడు, చెప్పుకోవాలనుకుంటే వినే చెవి. చాలామంది అట్లాగే తేరుకుంటారు. చావు దుఃఖమూ అంతే. దినాలు, కర్మకాండ, చుట్టాల రాకపోకలు తమ పని తాము చేస్తాయి. నెలలు గడిచినా వాన శబ్దానికి ఉలిక్కిపడి లేచేవాళ్లు, ఏడాది దాటినా దుఃఖంలో కూరుకుపోయి రోజువారీ పనికి కూడా లేవలేని వాళ్లు కొందరు మిగులుతారు. కౌన్సెలింగ్ వాళ్లకు కావాలి, అదీ సరైన పద్ధతిలో, పూర్తి కోర్సుగా.

ఏ దారిలో మొదలుపెట్టినా మధ్యలో ఒకచోట ఆగి కొలవాలి. ఈ ఒక్క మాట గట్టిగా చెప్పాలనే ఇంత రాశాను. కొలవడానికి పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పట్టిక ఉంది. గత రెండు వారాల్లో నిద్ర, ఆకలి, నీరసం, దిగులు, చావు ఆలోచనలు ఎన్ని రోజులు ఉన్నాయని అడిగి, 0 నుంచి 27 దాకా మార్కులు వేస్తారు. 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే పట్టించుకోవాలి. చదువు రాని మనిషికి చదివి వినిపిస్తే ఐదు నిమిషాల పని. మొదటి రోజు 18 ఉన్న అంకె నాలుగో సెషన్‌కు 12 అయితే దారి సరైనదే. 17 దగ్గరే ఉంటే పద్ధతి మార్చాలి, మందు సరిచూడాలి, లేదా ఎక్కువకాలం చికిత్సకు పంపాలి. చికిత్స చేసేవాళ్ల అంచనా మీదే వదిలేస్తే ఏమవుతుందో 2005లో హన్నన్, లాంబర్ట్ బృందం చూపించింది. 40 మంది థెరపిస్టులను, మీ రోగుల్లో ఎవరి పరిస్థితి దిగజారుతుందో ముందే చెప్పండి అని అడిగారు. 550 మందిలో ముగ్గురి పేర్లే చెప్పారు. చివరికి దిగజారినవాళ్లు 40 మంది. మంచి మనసుతో పనిచేసేవాళ్లకు కూడా ఎదుటి మనిషి మునిగిపోతున్నది కనబడదు. అందుకే రోగి, "నాలుగోసారి వచ్చినప్పుడు తగ్గిందో లేదో ఎట్లా చూస్తరు సారూ?" అని మొదటిరోజే అడగాలి. తగ్గకపోతే తప్పు తనదని ఎవరూ అనుకోకూడదు.

తొమ్మిదో ప్రశ్నకు, అంటే చావు ఆలోచనలకు, "అవును" అని జవాబొస్తే మాత్రం సెషన్ల లెక్కలన్నీ పక్కన పెట్టాలి. ఆ రోజే డాక్టరు చూడాలి. ఇంట్లో గడ్డి మందు, పురుగుల మందు డబ్బాలు తీసి ఇంకొకరి ఇంట్లో తాళం వేసి పెట్టాలి. మనిషిని ఒంటరిగా వదలకూడదు. టెలి-మానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416 రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు, ఖర్చు లేదు. 2022 అక్టోబరు 10న మొదలైంది.

ఆత్మహత్య ఆపద గురించే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు దేశాల్లో చేయించిన ఒక పరిశోధన ఉంది. గంగారానికి ఇంతకన్నా దగ్గరి పరిశోధన నాకు కనబడలేదు. 2008లో ఫలితాలు వచ్చాయి. ఐదు చోట్లలో చెన్నై ఒకటి. ఆత్మహత్యకు ప్రయత్నించి ఆసుపత్రికి వచ్చిన 1,867 మందిలో సగం మందికి మామూలు వైద్యం. మిగిలినవాళ్లకు దాంతో పాటు గంటసేపు ఒక్క సెషన్. ఆ తర్వాత పద్దెనిమిది నెలల్లో తొమ్మిదిసార్లు ఫోను చేయడమో ఇంటికి వెళ్లడమో. ఒకటి, రెండు, నాలుగు, ఏడు, పదకొండు వారాలకు, ఆ పైన నాలుగు, ఆరు, పన్నెండు, పద్దెనిమిది నెలలకు. ఎట్లా ఉన్నావు, ఏమైనా కావాలా అని అడగడమే. మామూలు వైద్యం అందినవాళ్లలో ఆత్మహత్యతో పోయినవాళ్లు 2.2 శాతం. ఆ పలకరింపు కూడా అందినవాళ్లలో 0.2 శాతం.

స్వల్పకాలికమా, దీర్ఘకాలికమా అని మనం రెండే గదులు గీసుకున్నాం. ఇది రెంటిలోనూ ఇమడదు. సెషన్ ఒక్కటే, సంబంధం ఏడాదిన్నర. మారుమూల మండలానికి సరిపడే నమూనా ఇదేనని నాకనిపిస్తుంది. అయితే మొదటి నుంచీ నెలకోసారి పిలిచి సరిపెడితే కుదరదు. నెదర్లాండ్స్‌లో 200 మంది డిప్రెషన్ రోగులను వారానికోసారి, వారానికి రెండుసార్లు అని విడదీసి చూస్తే, దగ్గర దగ్గరగా సెషన్లు జరిగినవాళ్లే ఎక్కువ తేరుకున్నారని 2020లో తేలింది. మొదటి ఆరేడు సెషన్లు వారం తప్పకుండా, వీలైతే ఊళ్లోనే జరగాలి. ఆ తర్వాత పలకరింపును ఏడాది పొడవునా సాగదీయాలి.

ఊళ్లోనే ఎవరు చేస్తారు? ఈ దారి మన పక్కనే ఒకసారి తొక్కి చూశారు. జార్జ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన పల్లబ్ మౌలిక్ బృందం పశ్చిమ గోదావరి జిల్లాలో 30 గిరిజన గ్రామాలు ఎంచుకుంది. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబులిచ్చి, ఇల్లిల్లూ తిరిగి డిప్రెషన్, ఆందోళన, ఆత్మహత్య ఆలోచనలు ఉన్నాయేమో అడిగించింది. మానసిక జబ్బు సిగ్గుపడాల్సింది కాదని ప్రచారం చేసింది. 5,007 మందిని అడిగితే 238 మందికి సాయం కావాలని తేలింది. అంతకుముందు వాళ్లలో వైద్యం కోసం వెళ్లినవాళ్లు 0.8 శాతం. కార్యక్రమం తర్వాత 12.6 శాతం. ఎనిమిది మందిలో ఒక్కరే కదా అని తీసిపారేయొచ్చు. సున్నాకు దగ్గరగా ఉన్నచోట ఎనిమిదిలో ఒకరంటే ఆశా కార్యకర్త గడప తొక్కడం వల్ల వచ్చిన మార్పే. పుట్టిన బిడ్డను చూడటానికి ఆమె 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో ఇంటికి వెళ్తుంది. ఆ షెడ్యూలుకూ చెన్నైలో నడిపిన పలకరింపు షెడ్యూలుకూ తేడా ఎంత? పద్ధతి ఆమెకు తెలిసిందే. కావాల్సింది శిక్షణ, ఈ పనికి వేరే పారితోషికం, చేయి దాటిన కేసును అప్పజెప్పడానికి పైన ఒక మనిషి. కోయభాషలో దుఃఖం చెప్పుకోగలిగే చోటు కూడా ఆ గడప దగ్గరే దొరుకుతుంది.

పైనున్న ఆ మనిషి లేకపోతే మాత్రం ఇదంతా చౌక వైద్యంగా మిగులుతుంది. స్వల్పకాలిక కౌన్సెలింగ్ పేదవాళ్లకు, దీర్ఘకాలిక సైకోథెరపీ హైదరాబాద్‌లో డబ్బులున్నవాళ్లకు అని పంచుకునే పరిస్థితి వస్తుంది. హన్మకొండలో చదివే అమ్మాయికి కావాల్సిన ఏడాది చికిత్స గంగారంలో ఉండిపోయిన ఆమె చెల్లెకూ కావాల్సి రావొచ్చు. మహబూబాబాద్‌లో 2022లో, జనగామ, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. వాటి నుంచి నెలకోసారి ఒక క్లినికల్ సైకాలజిస్టు మండలానికి వచ్చి, మధ్య వారాల్లో ఫోన్లో మాట్లాడితే ఏడాది చికిత్స అసాధ్యమేమీ కాదు. సిగ్నల్ అందని గూడేల వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వచ్చి అక్కడి ఫోన్లో మాట్లాడొచ్చు, తలుపు వేసుకునే ఒక గది ఉంటే.

దీనికి చట్టం అండ ఉంది. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చి, 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. దాని 18వ సెక్షన్ ప్రకారం మానసిక వైద్యం ప్రతి ఒక్కరి హక్కు. ప్రతి జిల్లాలోనూ ఆ సేవలు ఉండాలి. దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా అందాలి. జిల్లాలో ప్రభుత్వ సేవ లేకపోతే, ఆ జిల్లాలోనే ఇంకోచోట పొందిన వైద్యం ఖర్చు ప్రభుత్వం భరించాలి. కలెక్టరేట్‌లో సోమవారం సోమవారం జరిగే ప్రజావాణికి పట్టా కోసం, పింఛను కోసం గంగారం నుంచి జనం పోతూనే ఉంటారు. మండలానికి నెలకోసారి సైకాలజిస్టును పంపాలని అడుగుతూ ఒక దరఖాస్తు కూడా ఆ కాగితాలతో పాటు పోవాలి. అందులో సెక్షన్ నంబరు రాయాలి, దవాఖానకు పోయొచ్చిన ప్రతి తేదీ రాయాలి, పోయిన ప్రతి రోజు కూలీ ఎంతో అదీ రాయాలి.